కంభం చెరువు చుట్టు సైకిలు యాత్ర – ఒక ప్రణాళికా పాఠం

ప్రణాళిక అనగానే పెద్దలకు 1951లో మొదలై 2017లో ముగిసిన పంచవర్ష ప్రణాళికలు గుర్తుకు వస్తాయి. విద్యార్థులకు పరీక్షల ముందు గోడకు అంటించుకొనే చదువు పట్టిక గుర్తుకు వస్తుంది. పదిమంది విద్యార్థులు ఒక దినం సైకిళ్ళపై బయలుదేరి, కొంత తారు రోడ్డు, కొంత కంకర బాట, కొంత మట్టి దారి తొక్కి, కొండల నడుమనున్న ఒక చెరువును చుట్టి, పొద్దుగూకక ముందే క్షేమంగా ఇల్లు చేరవలెనన్నా ప్రణాళిక కావలెను. దానిని ఎట్లు రచించవలెనో, అందులో గణితానికి ఎంత పాలు, లోకజ్ఞానానికి ఎంత పాలు, తోటివారిపై దయకు ఎంత పాలు ఉండవలెనో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. మన కంభం చెరువే చాలు.

క్షేత్ర పరిచయం

నల్లమల కొండలలో పుట్టిన గుండ్లకమ్మ నదికి కంభం వద్ద, రెండు కొండల నడుమ ఇరుకైన చోట, అడ్డంగా కట్ట వేసి నిలిపిన నీరే కంభం చెరువు. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి అయిన వరదరాజమ్మ 16వ శతాబ్దంలో దీనిని కట్టించినదని ఈ ప్రాంతపు ప్రతీతి. బ్రిటిషువారి కాలపు ఇంపీరియల్ గెజిటీరు కట్ట ఎత్తును 57 అడుగులుగాను, పరీవాహక ప్రాంతాన్ని 430 చదరపు మైళ్ళుగాను, ఆయకట్టును సుమారు 10,300 ఎకరాలుగాను నమోదు చేసినది. నిండినపుడు చెరువు పొడవు ఇంచుమించు 7 కిలోమీటర్లు, సగటు వెడల్పు 3.5 కిలోమీటర్లు. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషను 2020లో దీనిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాలలో చేర్చినది.

మార్కాపురం ఒక వైపు, గిద్దలూరు మరొక వైపు, నడుమ కంభం. రెండు పట్టణాల నుండియు కంభానికి ఇంచుమించు 30 కిలోమీటర్లు. గుంటూరు–నంద్యాల రైలు మార్గం కూడ ఈ మూడు ఊళ్ళను కలుపుతూ పోతుంది. మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, జగ్గంభొట్ల కృష్ణాపురం, సోమిదేవిపల్లె, గిద్దలూరు స్టేషన్లు వరుసగా వస్తాయి. ప్రణాళిక రచించేవారు ఈ వరుసను ముందుగా వ్రాసి పెట్టుకొనవలెను. సైకిలు విరిగినవారికి, ఒళ్ళు అలసినవారికి మధ్యలో తప్పుకొని ఇల్లు చేరే దారి అదియే. ఏ రైలు ఏ స్టేషనులో ఎన్ని గంటలకు ఆగుతుందో, సైకిలును సామానుగా అంగీకరిస్తారో లేదో ముందు రోజే విచారించి ఉంచుకొనవలెను.

మొదటి పాఠం: నేల

పటం మీద దారి ఒక గీత. నేల మీద ఆ గీత నాలుగు విధాలుగా మారుతుంది. తారు రోడ్డు మీద సైకిలు తనంత తానుగా జారిపోతున్నట్లుంటుంది. కంకర బాట మీద చక్రం ఎగిరిపడుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. ఎర్రమట్టి బండి బాట ఎండినపుడు మంచిదే కాని, బండిచాళ్ళలో చక్రం ఇరుక్కొని పడవేస్తుంది. వాగు ఇసుకలో దిగి నడిపించుకొని పోవలసినదే. వీటికి తోడు నల్లరేగడి, చెరువు ఒండ్రు ఉన్నవి. ఒక్క వాన పడిన తరువాత ఆ మట్టి చక్రానికి, మడ్గార్డుకు నడుమ చేరి చక్రాన్నే తిరుగనీయదు. మార్కాపురం పలకలకు పేరు పొందిన ఊరు. పలకరాతి పెచ్చులు పడిన బాట మీద వాటి అంచులు టైరు పక్కలను కోయగలవు. సర్కారు తుమ్మ ముల్లును, పల్లేరు కాయను గురించి ఈ ప్రాంతపు విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

చెరువు విషయంలో మరొక విశేషం ఉన్నది. చెరువు అంచు స్థిరమైన గీత కాదు. వానలు బాగుగా కురిసిన ఏడాది నీరు పైకెక్కి, నిరుడు మేకలు నడిచిన బాటను ముంచివేస్తుంది. కరవు ఏడాది నీరు లోపలికి పోయి, ఎండి నెర్రెలిచ్చిన ఒండ్రు బయటపడుతుంది. అది దూరానికి మైదానంవలె కనబడుతుంది. పైపెచ్చు గట్టిగా ఉండి లోపల మెత్తగా ఉండుట కలదు. కావున సెల్‌ఫోనులోని ఉపగ్రహ చిత్రం చూచి బాట నిర్ణయించేవారు ఆ చిత్రం ఏ నెలలో, ఎంత నీరున్నపుడు తీసినదో తెలియకుండ నమ్మరాదు. భారత సర్వే శాఖవారి 1:50,000 పటాలలో 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరుతో సమానం. వాటిలోని సమోన్నత రేఖలు ఎక్కడ దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ ఎగుడు ఎక్కువ. పటాన్ని, చిత్రాన్ని కలిపి చూచి, ఆపైన స్వయంగా వెళ్ళి చూడవలెను. చెరువు చుట్టు ఒకే రోడ్డు ఉన్నదని ఊహించుకొనరాదు. కొండ నీటికి ఆనుకొన్న చోట బాట దూరంగా మళ్ళవచ్చును, లేదా అసలే లేకపోవచ్చును.

దారి అడుగుట కూడ ఒక విద్య. “ఈ దారి పోతుందా?” అని అడిగితే ఎవరైనను మర్యాదకు “పోతుంది” అనే చెప్తారు. “ఈ వారంలో ఈ దారిని ఎవరు పోయినారు? ఎద్దుల బండి పోయినదా, మోటారు సైకిలు పోయినదా, మనిషి నడిచి పోయినాడా?” అని అడగవలెను. గొర్రెల కాపరి, చెరువులో వల వేసే జాలరి, ఆయకట్టు రైతు – ఈ ముగ్గురు చెప్పిన మాట ఒకటైతే దానిని పటం మీద ఎక్కించవచ్చును.

రెండవ పాఠం: కాలగణన

ఇప్పుడు ఒక నమూనా లెక్క వేద్దాం. మార్కాపురం నుండి కంభానికి పోవుటకు 30, తిరిగి వచ్చుటకు 30, మొత్తం 60 కిలోమీటర్లు తారు రోడ్డు. చెరువును 7 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రంగా భావిస్తే చుట్టుకొలత 21 కిలోమీటర్లు. ఇది తొలి అంచనా మాత్రమే. స్వయంగా చూచి వచ్చిన తరువాత దీనిని సరిదిద్దుకొనవలెను. అందులో 14 కిలోమీటర్లు కంకర, మట్టి బాట అనియు, 7 కిలోమీటర్లు ఇసుక, రాళ్ళు, నడక అనియు అనుకొందాం. మొత్తం దూరం 81 కిలోమీటర్లు.

సైకిలు గంటకు 15 కిలోమీటర్లు పోతుందని 81ని 15తో భాగిస్తే 5 గంటల 24 నిమిషాలు వస్తుంది. ఉత్సాహవంతులు చాలమంది ఇక్కడ కాగితం మడిచి జేబులో పెట్టుకొంటారు. నేలను బట్టి లెక్కించి చూడండి. తారు మీద గంటకు 15 చొప్పున 60 కిలోమీటర్లకు 4 గంటలు. కంకర, మట్టి మీద గంటకు 8 చొప్పున 14 కిలోమీటర్లకు 1 గంట 45 నిమిషాలు. ఇసుక, రాళ్ళలో గంటకు 4 చొప్పున 7 కిలోమీటర్లకు మరి 1 గంట 45 నిమిషాలు. మొత్తం 7 గంటల 30 నిమిషాలు. ఏడు కిలోమీటర్ల చెడ్డ బాట ఇరవైయారు కిలోమీటర్ల తారు రోడ్డు తినేంత కాలాన్ని తిన్నది. దీనికి నాలుగవ వంతు, అనగా సుమారు 1 గంట 50 నిమిషాలు, విశ్రాంతికి, భోజనానికి, పంక్చర్లకు కలిపితే 9 గంటల 20 నిమిషాలు అవుతుంది.

డిసెంబరు మధ్యలో మన ప్రాంతంలో సూర్యోదయం సుమారు 6.30కు, సూర్యాస్తమయం సుమారు 5.45కు. ఉదయం 6.45కు బయలుదేరితే 8.45కు కంభం. అరగంట ఫలహారం. 9.15కు చెరువు చుట్టు ప్రారంభం. 3.30 గంటల తొక్కుడు, 50 నిమిషాల నిలుపుదల కలిపి 1.35కు మరల కంభం. అరగంట భోజనం. 2.05కు బయలుదేరి 4.05కు మార్కాపురం. సూర్యాస్తమయానికి ఇంకను 1 గంట 40 నిమిషాలు మిగిలినవి. ఈ మిగులే యాత్రకు ప్రాణం. దీనిని చూచి మరొక గుట్ట ఎక్కి వద్దామని ఎవరైన అంటే అంగీకరించరాదు.

మూడవ పాఠం: ఋతువు, నీరు

మనకు నైరుతి ఋతుపవనాల తరువాత అక్టోబరు, నవంబరులలో ఈశాన్య ఋతుపవనాల వానలు, తుపానులు వస్తాయి. మార్చి దాటితే ఎండలు ముదిరి, మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కావున డిసెంబరు మధ్య నుండి ఫిబ్రవరి మొదటి వారం వరకు ఇట్టి యాత్రకు తగిన కాలం. ఆ రోజులలో పరీక్షలు గాని, రంజాను ఉపవాసాలు గాని వస్తే తేదీ మార్చుకొనవలెను. దాహంతో ఎండలో తొక్కుట ఎంత బలవంతునికైనను అపాయం.

చలికాలంలో కూడ తొక్కేవానికి గంటకు అర లీటరు నీరు కావలెను. తొమ్మిది గంటలకు నాలుగున్నర లీటర్లు. అయిదు లీటర్లని అనుకొంటే పదిమందికి 50 లీటర్లు, అనగా 50 కిలోల బరువు. అంతా మోసుకొని పోనక్కరలేదు. కంభంలో రెండు మార్లు ఆగుతాము గనుక ఒక్కొక్కరు రెండున్నర లీటర్లు మోస్తే చాలు. అయితే చెరువు చుట్టు తిరిగే నాలుగు గంటలకు చాలిన నీరు కంభంలోనే నింపుకొనవలెను. పశ్చిమ ప్రకాశంలో చాల బోరుబావుల నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. కనబడిన బోరింగు వద్దనెల్ల దోసిలి పట్టకుండ శుద్ధి చేసిన నీటినే తీసుకొనవలెను. కొంచెం ఉప్పు, బెల్లం, నిమ్మరసం కలిపిన నీరు ఒక సీసాలో ఉంచుకొంటే కండరాలు పట్టివేయుట తగ్గుతుంది. తలనొప్పి, వాంతి, మాట తడబడుట – ఈ లక్షణాలు కనబడినవానిని వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, 108కి ఫోను చేయవలెను. కొండల చాటున సెల్‌ఫోను పలుకని చోట్లు ఉంటాయి. పలికే చోట్లను ముందుగా చూచివచ్చినవారు పటం మీద గుర్తించవలెను.

చెరువు నీటిలో ఈతకు దిగరాదు. తూము వద్ద, అలుగు వద్ద, ఒండ్రు మీద లోతు కంటికి తెలియదు. ఈ నియమానికి మినహాయింపు లేదు.

నాలుగవ పాఠం: వాహనం

గేర్ల సైకిలు లేకపోయినను ఈ యాత్ర చేయవచ్చును. మన ఇళ్ళలో ఉండే మామూలు సైకిలుకు సాధారణంగా ముందు చైన్‌వీలుకు 44 పండ్లు, వెనుక ఫ్రీవీలుకు 18 పండ్లు ఉంటాయి. 28 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.23 మీటర్లు. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు 5.45 మీటర్లు పోతుంది. ఫ్రీవీలును 22 పండ్లదిగా మార్చి, చైనును సరిచేయిస్తే అది 4.46 మీటర్లకు తగ్గుతుంది. తారు మీద వేగం కొంత తగ్గును గాని, ఎగుడు మీద మోకాళ్ళకు బరువు తగ్గుతుంది. ఇది ఏ సైకిలు షాపులోనైన జరిగే చిన్న పని.

టైరులో గాలి తారు మీద గట్టిగా ఉండవలెను. మట్టిలో, ఇసుకలో కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినపుడు ట్యూబు రిమ్ముకు, రాతికి నడుమ నలిగి రెండు చిల్లులు పడతాయి. బ్రేకు కట్టెలు, స్పోకులు, పెడలు పిన్నులు వారం ముందే చూపించవలెను. ముందు రోజు చూపిస్తే లోపం తెలియునే కాని సవరించుటకు వ్యవధి ఉండదు. గుంపుకు రెండు పంపులు, నాలుగు ట్యూబులు, రెండు పంక్చరు డబ్బాలు, పానాలు కావలెను. ఇవన్నియు ఒకే సంచిలో పెట్టరాదు. ఒకటి ముందు నడిచేవాని వద్ద, ఒకటి చివరివాని వద్ద ఉండవలెను.

అయిదవ పాఠం: మనుషులు

గుంపు వేగం దానిలో అందరికంటె మెల్లగా తొక్కేవాని వేగం. పైన వేసిన గంటకు 15 కిలోమీటర్ల లెక్క ఆ విద్యార్థికి సరిపోతుందో లేదో 20 కిలోమీటర్ల అభ్యాసపు తొక్కుడులో చూచుకొనవలెను. సరిపోకపోతే మార్చవలసినది లెక్కను. విద్యార్థిని తొలగించుట పరిష్కారం కాదు. మెల్లగా తొక్కేవారిని ముందు వరుసలో ఉంచి, బలవంతుని చివర ఉంచవలెను. చివరివాడు ఎవరినీ దాటరాదు. అతని వెనుక ఎవరును మిగులరాదు.

అద్దె సైకిలుపై వచ్చేవానికి, స్వంత సైకిలు గలవానికి సామానులో, తిండిలో తేడా కనబడరాదు. ఖర్చంతా కలిపి సమానంగా పంచి, ఇవ్వలేనివారి వంతు కళాశాల నిధి భరించుట న్యాయం. విద్యార్థినులు కూడ తగిన ఏర్పాట్లతో పాల్గొనవచ్చును. 1990ల తొలి సంవత్సరాలలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు గ్రామీణ స్త్రీలు వేలాదిగా సైకిలు నేర్చుకొన్నారు. కూలి పనికి, నీళ్ళకు, బడికి వారు ఒకరిపై ఆధారపడక వెళ్ళగలిగినారు. సైకిలు వలన కలిగే ఆ స్వాతంత్ర్యం మన విద్యార్థినులకు మాత్రం ఎందుకు దూరం కావలెను?

ఆరవ పాఠం: మరలే గడియ

ఫ్రాన్సు దేశంలో 1891లో ప్రారంభమైన పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిలు పందెం నుండి దూరపు తొక్కుడు ఒక సంప్రదాయంగా పెరిగినది. నేడు మన దేశంలో కూడ జరిగే ఆ తరహా యాత్రలలో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాల గడువు ఉంటుంది. దారిలో ప్రతి మజిలీకి మూసివేసే వేళ ముందుగానే వ్రాసి ఇస్తారు. ఆ వేళ దాటినవానితో వాదన ఉండదు.

మన యాత్రకు కూడ అట్టి గడియ ఒకటి కావలెను. చెరువు చుట్టులో సగం సుమారు 11.25కు పూర్తి కావలెను. 12 గంటలకు కూడ సగం చేరకపోతే వచ్చిన దారినే మరలవలెను. ఎందుకు? 9.15కు బయలుదేరి 12 వరకు పోయినాము గనుక తిరిగి వచ్చుటకు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది. 2.45కు కంభం, అరగంట భోజనం, 5.15కు మార్కాపురం. వెలుగు ఇంకను అరగంట మిగులుతుంది. ముందుకే పోతే మిగిలిన సగం ఎంతసేపో ఎవరికీ తెలియదు. వచ్చిన దారి తెలిసిన దారి. ఈ గడియను ఇంటి వద్ద, చల్లని వేళ, కడుపు నిండినపుడు నిర్ణయించవలెను. అలసి, ఆశపడి ఉన్నపుడు మనిషి బుద్ధి “ఇంకొక్క మలుపు” అనే అంటుంది. మరలివచ్చిన యాత్ర ఓడిన యాత్ర కాదు. ఆ చెరువు అయిదు వందల ఏండ్లుగా అక్కడనే ఉన్నది. వచ్చే ఆదివారం కూడ ఉంటుంది.

యాత్రకు ఆరు దోషాలు

గిద్దలూరుకు దక్షిణంగా కడప జిల్లాలో ఉన్న పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి శాసనం ఒకటి కలదు. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండరాని 6 దోషాలను అందులో చెక్కించినారు. ఏమేమి కావలెనో చెప్పి ఊరకొనక, ఏమేమి చెడగొట్టునో కూడ ముందుగా ఆలోచించుట ఆనాటి మన ప్రాంతపు ప్రణాళికా పద్ధతి. దానిని అనుసరించి యాత్రకు కూడ ఆరు దోషాలను చెప్పుకొనవచ్చును.

నేలను చూడక దూరాన్ని లెక్కించుట మొదటిది. బలవంతుని వేగాన్ని గుంపు వేగంగా తీసుకొనుట రెండవది. దారిలో దొరుకుతుందని నీటిని విడిచి పోవుట మూడవది. పనిముట్లు, పటం, ఫోను అన్నియు ఒక్కరి వద్దనే ఉంచుట నాల్గవది. మరలే గడియ నిర్ణయించక బయలుదేరుట అయిదవది. అనుమతి లేని చోటికి, ఎవరికీ చెప్పకుండ పోవుట ఆరవది. నల్లమలలో విస్తారమైన భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అటవీ సరిహద్దు ఎక్కడ మొదలగునో అటవీ శాఖవారిని అడిగి తెలిసికొని, అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు. చెరువు కట్ట మీదికి పోవుటకు జలవనరుల శాఖవారిని అడుగుట మర్యాద.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఇట్టి యాత్రలను అపాయమని నిషేధించుట సులభం. నిషేధించినంత మాత్రాన యువకులు ఇంటి వద్ద కూర్చొనరు. సెలవు రోజున ఒక్కొక్క మోటారు సైకిలుపై ముగ్గురేసి, ఎవరికీ చెప్పకుండ, అదే చెరువుకు పోతారు. లెక్క నేర్పి, బాధ్యత అప్పగించి, వెంట నడిచి పంపుట వారి ప్రాణానికి ఎక్కువ రక్ష. రెండు వారాల ముందు వ్రాతపూర్వకమైన ప్రణాళిక, స్వయంగా చూచివచ్చినవారి నివేదిక, తల్లిదండ్రుల సమ్మతి, వెంట ఇద్దరు అధ్యాపకులు, కంభంలో నిలిపి ఉంచిన ఒక వాహనం – ఈ అయిదును ఉన్నపుడు అనుమతినిచ్చుట, ఒక్కటి లోపించినను ఆపుట కమిటీకి తగిన పద్ధతి అని మనవి.

విద్యార్థి మిత్రులారా, సైకిలు లేనివారు కూడ ఈ పాఠంలో మొదటి అభ్యాసం చేయవచ్చును. మీ ఊరి నుండి కళాశాలకు వచ్చే దారిని ఒక కాగితం మీద గీయండి. తారుకు నలుపు, కంకరకు ఊదా, మట్టికి ఎరుపు, ఇసుకకు పసుపు రంగు వేయండి. నీరు దొరికే చోట్లను, నీడ ఉన్న చెట్లను, ఫోను పలుకని చోట్లను గుర్తించండి. దాని క్రింద ఒక్కొక్క రంగుకు పట్టే కాలాన్ని వ్రాయండి. ఆ పటాన్ని మీ ఇంటి పెద్దలకు చూపి తప్పులు దిద్దించుకొనండి. వారు దిద్దే ప్రతి తప్పుతోను మీ ఊరు మీకు మరికొంత తెలుస్తుంది.